ప్రార్థన చేద్దాం, రికార్డు కూడా తెరుద్దాం



సెమిస్టర్ పరీక్షల రోజుల్లో ఆరాధన ముగిశాక మందిరం గుమ్మం దగ్గర ప్రార్థన కోసం ఆగేవారిలో విద్యార్థులే ఎక్కువ. హాల్ టికెట్లు, పెన్నులు తెచ్చి చేతిలో పెడతారు. కొద్ది కాలం క్రితం ఒక తల్లి తన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. "అయ్యగారండీ, పాపకి వచ్చే మంగళవారం వైవా అంటండి. ముగ్గురు మేష్టార్లు కూర్చుని అడుగుతారంట. భయపడిపోతోందండి. ప్రార్థన చెయ్యండి" అంది. ప్రార్థన చేశాను. తల్లి చెప్పుల కోసం పక్కకు వెళ్లగానే ఆ అమ్మాయి గొంతు తగ్గించి, "అయ్యగారూ, నా ప్రాజెక్టులో మూడు రీడింగులు నేను తీసినవి కావు" అంది.

ఆ అమ్మాయి అనుమతితోనే, తనెవరో తెలియకుండా ఈ సంగతి రాస్తున్నాను. తనను బాధిస్తున్నది వైవా భయం ఒక్కటే కాదు. ఆ మూడు అంకెలు కూడా. మన సంఘాల్లో బి.ఎస్సీ. చదివే బిడ్డలు చాలామంది ఉన్నారు. వారికి వైవా అంటే ఏమిటో, దానికి ఎలా సిద్ధపడాలో, అందులో విశ్వాసికి ఎదురయ్యే పరీక్ష ఏమిటో ఈ వారం వివరంగా మాట్లాడుకుందాం. బిడ్డల్ని కాలేజీకి పంపి తాము ఎన్నడూ ఆ గడప తొక్కని తల్లిదండ్రులకు కూడా అర్థమయ్యేలా చెప్పడానికి ప్రయత్నిస్తాను.

వైవా అంటే ఏమిటి?

రాత పరీక్షలో ప్రశ్న కాగితం మీద ఉంటుంది, జవాబూ కాగితం మీదే ఉంటుంది. దిద్దేవారికి రాసినవారి ముఖం తెలియదు. వైవాలో అలా కాదు. విద్యార్థి తన రికార్డు, ప్రాజెక్టు రిపోర్టు పట్టుకుని అధ్యాపకుల ముందు కూర్చోవాలి. సాధారణంగా పని చేయించిన గైడు, డిపార్ట్‌మెంట్ హెడ్, వేరే కాలేజీ నుంచి వచ్చిన ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ఉంటారు. పది పదిహేను నిమిషాలు ప్రశ్నలు అడుగుతారు.

మన రాష్ట్రంలో 2020-21 నుంచి డిగ్రీ చదువులో వచ్చిన మార్పుల వల్ల ఈ నోటి పరీక్షకు ప్రాముఖ్యం పెరిగింది. మొదటి సంవత్సరం తర్వాత ఊళ్లోకి వెళ్లి కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చేయాలి. ఆ తర్వాత ఇంటర్న్‌షిప్‌లు ఉంటాయి. ప్రతిదానికీ లాగ్‌బుక్ రాయాలి, రిపోర్టు ఇవ్వాలి, దాని గురించి నోటితో చెప్పగలగాలి. ఏలూరులో 1945లో మొదలైన సర్ సి.ఆర్.రెడ్డి కళాశాల, 1953లో మొదలైన సెయింట్ థెరిస్సా మహిళా కళాశాల మొదలుకొని తాడేపల్లిగూడెం, కైకలూరు, భీమవరం కాలేజీల దాకా సైన్సు చదివే ప్రతి బిడ్డా ఏదో ఒక రోజు ఆ బల్ల ముందు కూర్చోవలసిందే.

మాస్టార్లు అన్నీ తెలిసినవారే కదా, మళ్లీ మన బిడ్డల్ని అడగడం ఎందుకు అని ఒక పెద్దాయన నన్ను అడిగారు. వారికి తెలియనిది ఒకటుంది. ఆ రిపోర్టులో ఉన్న పని ఈ విద్యార్థిదేనా అన్నది. రిపోర్టు ఎవరైనా రాసి ఇవ్వగలరు. పోయిన ఏడాది సీనియర్ రాసినది జిరాక్స్ షాపులో దొరుకుతుంది. ఇప్పుడైతే ఫోనులో అడిగితే కృత్రిమ మేధ రెండు నిమిషాల్లో ఇరవై పేజీలు ఇస్తుంది. కానీ "ఈ అంకె ఎలా వచ్చిందమ్మా?" అని ఎదురుగా అడిగినప్పుడు, పని చేసిన మనిషి చెప్పినట్టు చేయని మనిషి చెప్పలేరు. వైవా ఉద్దేశం అంతే.

దానియేలు కూర్చున్న బల్ల

బైబిల్లో వైవా ఉందా అంటే ఉందనే చెబుతాను. దానియేలు మొదటి అధ్యాయం తెరవండి. యూదా నుంచి చెరపట్టబడిన నలుగురు యువకులకు బబులోనులో మూడు సంవత్సరాల శిక్షణ నియమించారు. పరాయి దేశం, పరాయి భాష, కల్దీయుల శాస్త్రం. గడువు ముగిశాక నెబుకద్నెజరు రాజు వారిని తన ఎదుటికి పిలిపించి మాట్లాడాడు. నోటి మాటతోనే పరీక్షించాడు. తన రాజ్యంలో ఉన్న జ్ఞానులందరి కంటే వారు పదిరెట్లు మెరుగని తెలుసుకున్నాడు.

ఆ అధ్యాయం మీద మనం చేసే ప్రసంగాల్లో శాకాహారం గురించి, రాజు భోజనాన్ని వద్దనడం గురించి ఎక్కువ చెబుతాం. మధ్యలో ఉన్న ఆ మూడేళ్ల గురించి తక్కువ చెబుతాం. దేవుడు వారికి జ్ఞానం, వివేచన ఇచ్చాడని వాక్యం స్పష్టంగా చెబుతోంది. అయితే ఆ మూడేళ్లూ వారు చదివారు. దేవుడు ఇచ్చాడు, వారు చదివారు. ఈ రెండింటి మధ్య వాక్యం గొడవ పెట్టలేదు. మనమే పెడుతున్నాం.

ఇక్కడ ఒక అపార్థాన్ని సరిచేయాలి. మత్తయి సువార్త పదవ అధ్యాయంలో ప్రభువు తన శిష్యులతో, మిమ్మును అప్పగించినప్పుడు ఏమి మాట్లాడాలో అని చింతపడవద్దనీ, ఆ గడియలో మీకు మాట అనుగ్రహింపబడుతుందనీ చెప్పాడు. ఈ వాగ్దానాన్ని పరీక్ష గదికి పట్టుకెళ్లే బిడ్డలు ఉన్నారు. పట్టుకెళ్లమని చెప్పే పెద్దలూ ఉన్నారు. కానీ పైనున్న వచనాలు చదవండి. అది సువార్త నిమిత్తం సభల ఎదుటికీ అధిపతుల ఎదుటికీ ఈడ్వబడే సాక్షులకు ఇచ్చిన మాట. టైట్రేషన్ చేయకుండా బల్ల ముందు కూర్చునేవారికి ఇచ్చినది కాదు.

విద్యార్థికి సరిపోయే వాక్యం మొదటి పేతురు మూడవ అధ్యాయంలో ఉంది. మనలో ఉన్న నిరీక్షణకు కారణం అడిగేవారికి జవాబు చెప్పడానికి ఎల్లప్పుడూ సిద్ధంగా ఉండమంటాడు అపొస్తలుడు. సాత్వికంతో, భయంతో చెప్పమంటాడు. వెంటనే మంచి మనస్సాక్షి కలిగి ఉండమంటాడు. అది విశ్వాసం గురించి చెప్పిన మాటే. అయినా అందులోని క్రమాన్ని గమనించండి: సిద్ధపాటు, వినయం, మంచి మనస్సాక్షి. ఈ మూడూ ఉన్న విద్యార్థికి వైవా గదిలో భయపడవలసింది పెద్దగా ఏమీ ఉండదు.

కొల్లేరు నీళ్లు ఒక ఉదాహరణ

ఇప్పుడు అసలు పనిలోకి వద్దాం. మన ప్రాంతంలో కెమిస్ట్రీ, జువాలజీ, ఆక్వాకల్చర్ చదివే బిడ్డలు తరచుగా ఎంచుకునే విషయం నీరు. ఎందుకో చెప్పనక్కర్లేదు. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య కొల్లేరు ఉంది. బుడమేరు, తమ్మిలేరు దానిలోకి వస్తాయి. ఉప్పుటేరు దాని నీటిని సముద్రానికి తీసుకెళ్తుంది. 1999లో 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలగా రామ్‌సర్ జాబితాలో చేరింది. చుట్టూ చేపల చెరువులు, రొయ్యల చెరువులు. కాబట్టి నీటిలో కరిగిన ఆక్సిజన్ ఎంత, ఉప్పదనం ఎంత, ఫాస్ఫేటు ఎంత అన్నవి మన ఇళ్లలో అన్నం పెట్టే ప్రశ్నలు.

ఆ అమ్మాయి ప్రాజెక్టు కూడా ఇదే. ఒక లంక గ్రామం దగ్గర ఏడు రోజులు తెల్లవారుజామున నీరు తీసి, అందులో కరిగిన ఆక్సిజన్ కొలవడం. మా సంఘంలో రిటైరైన కెమిస్ట్రీ లెక్చరర్ ఒకాయన ఉన్నారు. సైన్సు సంగతులు నాకు ఆయనే విడమరిచి చెప్పారు. ఎగ్జామినర్లు అడిగే తీరు ఇలా ఉంటుందట.

మొదట పద్ధతి అడుగుతారు. దీన్ని వింక్లర్ పద్ధతి అంటారు. గాలి బుడగ లేకుండా సీసా నింపి, అక్కడే మాంగనస్ సల్ఫేటు, క్షార అయొడైడు కలపాలి. ఆక్సిజన్ ఉంటే గోధుమ రంగు అవక్షేపం వస్తుంది. తెల్లగానే ఉండిపోతే ఆక్సిజన్ లేనట్టు. తర్వాత సల్ఫ్యూరిక్ ఆమ్లం పోస్తే అయొడిన్ విడుదలవుతుంది. దాన్ని సోడియం థయోసల్ఫేటుతో టైట్రేషన్ చేయాలి. ఇంతవరకు రికార్డులో ఉంటుంది, కంఠస్థం చేసినవారూ చెబుతారు.

తర్వాత 'ఎందుకు' అని మొదలుపెడతారు. రసాయనాలు చెరువు గట్టునే ఎందుకు కలిపావు, ల్యాబుకు తెచ్చాక కలపకూడదా? సీసాలోని సూక్ష్మజీవులు దారిలో ఆక్సిజన్‌ను వాడేసుకుంటాయి, అందుకే అక్కడే పట్టి ఆపాలి. స్టార్చ్ ముందే వేయకుండా రంగు లేత పసుపుకు వచ్చాక ఎందుకు వేశావు? అయొడిన్ ఎక్కువగా ఉన్నప్పుడు స్టార్చ్ వేస్తే అది గట్టిగా పట్టుకుని వదలదు, ఎండ్ పాయింట్ సరిగా తెలియదు. ఈ జవాబులు చేత్తో పని చేసినవారికి సులభం. ఒకసారి స్టార్చ్ తొందరగా వేసి పాడుచేసుకున్నవారికి ఇంకా సులభం.

మూడోది, ఫలితానికి అర్థం అడుగుతారు. తెల్లవారుజామునే ఎందుకు తీశావు? ఇక్కడ మన ప్రాంతపు బిడ్డల దగ్గర ఒక నిధి ఉంది, దాన్ని వారు గుర్తించరు. చెరువుల మీద కాపలా కాసే తండ్రిని అడగండి. రాత్రి పొద్దుపోయాక ఏరియేటర్లు ఎందుకు వేస్తారో, తెల్లవారేముందు చేపలు నోళ్లు తెరుచుకుని పైకి ఎందుకు తేలతాయో ఆయనకు బాగా తెలుసు. పగలు ఎండలో నాచు ఆక్సిజన్ తయారుచేస్తుంది. రాత్రి తయారీ ఆగిపోతుంది, చేపలూ నాచూ సూక్ష్మజీవులూ పీల్చడం మాత్రం ఆగదు. అందుకే సూర్యోదయానికి ముందు నీటిలో ఆక్సిజన్ బాగా తగ్గిపోతుంది. తండ్రి అనుభవంతో చెప్పేదీ, పుస్తకం కిరణజన్య సంయోగక్రియ, శ్వాసక్రియ అని చెప్పేదీ ఒకటే. వైవాలో "మా నాన్నగారు చెరువు మీద పని చేస్తారండి, తెల్లవారుజామున ఇలా జరుగుతుందని చెప్పారు, అందుకే ఆ సమయం ఎంచుకున్నాను" అని చెప్పడం చిన్నతనం కాదు. అంత మంచి జవాబు గైడు పుస్తకంలో దొరకదు.

ఫాస్ఫేటు పరీక్ష చేసినవారికి ఇంకో మాట. నీటిలోకి ఎరువులు, మేత, మురుగు ద్వారా ఫాస్ఫేటు చేరితే నాచు పెరుగుతుంది. దాన్ని కొలవడానికి మాలిబ్డేటు కలిపి నీలి రంగు తెప్పించి, ఆ రంగు గాఢతను చూస్తారు. ఈ నీలి రంగు మార్గంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతుల్లో పేరుపొందిన ఒకటి ఫిస్కే, సుబ్బారావుల పద్ధతి. 1925లో హార్వర్డు నుంచి అది వెలువడింది. ఆ సుబ్బారావు ఎవరో కాదు, 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. కొల్లేటికి దగ్గరలో పుట్టిన మనిషి పేరు మీద ఉన్న పద్ధతి గురించి కొల్లేటి నీరు పరీక్షించిన విద్యార్థికి తెలియకపోతే ఎగ్జామినర్ చిన్నబుచ్చుకుంటారు. తెలిస్తే ఆయన ముఖం వికసిస్తుంది.

ఆ మూడు అంకెలు

ఇప్పుడు ఆ అమ్మాయి సంగతికి వద్దాం. ఏడు రోజుల్లో నాలుగు రోజులు వెళ్లింది. తర్వాత జ్వరం వచ్చింది. గడువు దగ్గరపడింది. స్నేహితురాలు "నాలుగు చూసి మిగతా మూడు వేసెయ్, ఎవరు చూస్తారు" అంది. వేసేసింది.

లెక్చరర్‌గారు ఆ పట్టిక చూసి ఒక అంకె దగ్గర వేలు పెట్టారు. లీటరుకు 8.2 మిల్లీగ్రాములు. "అమ్మా, ఎండాకాలం, నీటి వేడి 30 డిగ్రీలు అని నువ్వే రాశావు. ఆ వేడి దగ్గర మంచినీరు గాలి నుంచి పట్టుకోగలిగే ఆక్సిజన్ దాదాపు ఏడున్నర మిల్లీగ్రాములు. నాచు నిండిన నీటిలో, తెల్లవారకముందు, అంతకంటే ఎక్కువ ఎలా ఉంటుంది?" అని మెత్తగా అడిగారు. ఆ అమ్మాయి ఏడ్చేసింది.

అంకెలకు సాక్ష్యం చెప్పే గుణం ఉంది. ఊహించి వేసిన అంకె చుట్టూ ఉన్న నిజమైన అంకెలతో కలవదు. ఒకవేళ ఎగ్జామినర్ పట్టుకోకపోయినా ఇంకొక ప్రమాదం ఉంది. రేపు ఆ బిడ్డ ఆస్పత్రి ల్యాబులోనో, నీటి పరీక్షా కేంద్రంలోనో ఉద్యోగం చేస్తుంది. ఇవాళ చెరువు నీటి అంకె, రేపు ఒక ఊరి తాగునీటి అంకె. 2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోయిన రోజులు మనం మరచిపోలేదు. ఆ రోజుల్లో నీళ్లలో, పాలలో, కూరగాయల్లో, రక్తంలో ఏముందో తేల్చమని ఊరంతా ల్యాబుల వైపు చూసింది. అప్పుడు మనకు కావలసింది ఒక్కటే, కొలిచినవారు నిజంగా కొలిచి ఉండాలి.

అబద్ధపు తూనికరాయి యెహోవాకు హేయమని సామెతల గ్రంథం బోధిస్తుంది. అది బజారులో దుకాణానికే అనుకుంటాం. ల్యాబులో బ్యూరెట్‌కు కూడా అదే వర్తిస్తుంది.

నేను ఆ అమ్మాయికి చెప్పినది ఇది: "తల్లీ, మంగళవారం దాకా ఆగవద్దు. రేపే గైడుగారి దగ్గరకు వెళ్లు. ఏ మూడు నువ్వు తీయలేదో చెప్పు. మార్కులు తగ్గవచ్చు, కోప్పడవచ్చు. తగ్గదని నేను మాట ఇవ్వలేను." మనం దేవుని పేరిట తరచుగా అలాంటి మాటలు ఇచ్చేస్తాం, నిజం చెబితే అంతా మంచే జరుగుతుందని. అలా జరగకపోవచ్చు. అయినా నిజమే చెప్పాలి. పరీక్ష తప్పినా రేపు మళ్లీ కూర్చోవచ్చు. మనస్సాక్షిని అమ్ముకుంటే దాన్ని కొనుక్కోవడం కష్టం.

మూడు వారాల సిద్ధపాటు

ఇలాంటి ఇబ్బంది లేకుండా ముందుగానే సిద్ధపడేవారికి లెక్చరర్‌గారూ నేనూ కలిసి చెప్పే పద్ధతి ఇది.

మొదటి వారం: మీ రిపోర్టును మీరే పరాయివారిలా చదవండి. ప్రతి అంకె పక్కన పెన్సిలుతో నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఎక్కడ తీశాను? దేనితో కొలిచాను? ప్రమాణం ఏమిటి? ఎంతవరకు నమ్మవచ్చు? జవాబు రాని చోట గుర్తు పెట్టుకోండి. మీరు రాసిన ప్రతి పెద్ద మాటకూ అర్థం తెలిసి ఉండాలి. తెలియని మాట రిపోర్టులో ఉంటే నేర్చుకోండి, లేదా తీసేయండి. ఎగ్జామినర్లు చాలాసార్లు మీరు వాడిన మాటనే పట్టుకుని అడుగుతారు.

రెండో వారం: పద్ధతి కింద ఉన్న మూల సూత్రానికి వెళ్లండి. క్లోరైడు చూసినవారు సిల్వర్ నైట్రేటు, పొటాషియం క్రోమేటు ఎందుకు వాడారో, నీరు ఆమ్లంగా ఉంటే ఆ పరీక్ష ఎందుకు పనికిరాదో తెలుసుకోవాలి. మీ ఫలితాన్ని పోల్చడానికి ప్రమాణాలు తెలిసి ఉండాలి. ఉదాహరణకు భారతీయ తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం క్లోరైడు లీటరుకు 250 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీటి వనరు లేనప్పుడు 1000 దాకా అనుమతిస్తారు. పీహెచ్ 6.5, 8.5 మధ్య ఉండాలి. వేసవిలో ఉప్పుటేరు గుండా సముద్రపు నీరు ఎగదన్నే ప్రాంతంలో ఉప్పదనం ఎందుకు పెరుగుతుందో చెప్పగలిగితే మీ అంకెకు ప్రాణం వస్తుంది.

మూడో వారం: నోటితో చెప్పండి. ఇది అన్నిటికంటే ముఖ్యం, అందరూ వదిలేసేదీ ఇదే. మనసులో తెలిసినది నోటికి వచ్చేసరికి తడబడుతుంది. రెండు నిమిషాల్లో మీ ప్రాజెక్టు చెప్పండి: ఏ ప్రశ్నతో మొదలుపెట్టారు, ఏం చేశారు, ఏం తేలింది, ఇంకా ఏం తెలియలేదు. మొదట తెలుగులో మీ అమ్మగారికి చెప్పండి. ఆమెకు అర్థమైతే మీకు అర్థమైనట్టు. తర్వాత అదే ఇంగ్లీషులో చెప్పండి. 2021-22 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ చదువు ఇంగ్లీషు మాధ్యమంలోకి మారింది. పదో తరగతి దాకా తెలుగులో చదివిన బిడ్డలకు విషయం కంటే భాషే పెద్ద భయం. చిన్న వాక్యాలు చాలు. మధ్యలో ఆగిపోతే "సార్, ఈ ఒక్క మాట తెలుగులో చెప్పవచ్చా?" అని మర్యాదగా అడగడంలో తప్పు లేదు. దానియేలు కూడా పరాయి భాష నేర్చుకునే రాజు ఎదుట నిలబడ్డాడు.

తెలియనప్పుడు ఏం చేయాలి?

ప్రతి వైవాలో తెలియని ప్రశ్న ఒకటి వస్తుంది. రావాలి కూడా. విద్యార్థి జ్ఞానం ఎక్కడ ఆగుతుందో చూడటానికే కొన్ని ప్రశ్నలు అడుగుతారు. అక్కడ మూడు దారులు ఉన్నాయి.

ఒకటి, కల్పించి చెప్పడం. ఇది అన్నిటికంటే చెడ్డది. ఒక కల్పనను నిలబెట్టడానికి ఇంకో రెండు కావాలి. అనుభవం ఉన్న ఎగ్జామినర్‌కు మూడో ప్రశ్నలో తెలిసిపోతుంది. నా యౌవనంలో అభిషేకానికి ముందు పెద్దల కమిటీ నన్ను ప్రశ్నించినప్పుడు చదవని పుస్తకాన్ని చదివినట్టు చెప్పాను. అందులో మీకు నచ్చిన అధ్యాయం ఏదని ఒక పెద్దాయన అడిగారు. ముప్పై ఏళ్లు దాటినా ఆ నిశ్శబ్దం నాకు గుర్తుంది.

రెండు, "తెలియదు సార్" అని ఊరుకోవడం. ఇది నిజాయితీయే, కానీ తలుపు మూసేసినట్టు అవుతుంది.

మూడు, తెలిసిన దగ్గర నుంచి తెలియని దాని వైపు నడవడం. "ఇది నేను చదవలేదు సార్. కానీ వేడి పెరిగితే నీటిలో వాయువు తక్కువ కరుగుతుందని తెలుసు, కాబట్టి చలికాలంలో ఈ అంకె ఎక్కువ రావచ్చనుకుంటున్నాను." ఇందులో వినయం ఉంది, ఆలోచన కూడా ఉంది. చాలామంది అధ్యాపకులు వినాలని కోరుకునేది ఇదే.

ఆలోచించడానికి కొంచెం సమయం అడగడం కూడా అవమానం కాదు. రాజు కల విషయంలో దానియేలు గడువు అడిగాడు, దొరికిన గడువులో స్నేహితులతో కలిసి ప్రార్థించాడు. 1521 ఏప్రిల్ 17న వర్మ్స్ సభలో మార్టిన్ లూథర్ కూడా జవాబుకు గడువు కోరాడు. మరునాడు జవాబు చెప్పాడు. అంతటివారు ఆగి ఆలోచించారు. మీరు పది సెకన్లు ఆగితే ఎవరూ ఏమీ అనుకోరు.

తల్లిదండ్రులకు, సంఘానికి

తల్లిదండ్రులారా, బిడ్డ రిపోర్టు చేసుకుంటున్నప్పుడు "ఎన్ని మార్కులు?" అని అడిగే ముందు "ఏం చూశావు?" అని అడగండి. పక్కింటి అబ్బాయితో పోల్చవద్దు. ఆ వారం ఇంట్లో టీవీ సౌండు తగ్గించండి. వైవా రోజున కైకలూరు, ఆకివీడు వైపు నుంచి బస్సుల్లో వచ్చేవారు, తాడేపల్లిగూడెం నుంచి రైలెక్కేవారు ఒక బండి ముందే బయలుదేరేలా చూడండి. ఏదో ఒకటి తిని వెళ్లేలా చూడండి. రికార్డు, లాగ్‌బుక్, ఐడీ కార్డు రాత్రే సంచిలో పెట్టించండి.

సంఘాలకు నా మనవి ఒకటుంది. మన సంఘాల్లో రిటైరైన టీచర్లు, లెక్చరర్లు, ల్యాబ్ టెక్నీషియన్లు, నర్సులు ఉన్నారు. సెమిస్టర్ చివర ఒక శనివారం సాయంత్రం మందిరంలో ఒక బల్ల, మూడు కుర్చీలు వేయండి. ముగ్గురు పెద్దలు కూర్చుని ఒక్కొక్క బిడ్డను పది నిమిషాలు అడగండి. సైన్సు తెలియకపోయినా ఫరవాలేదు. "ఇది ఎందుకు చేశావమ్మా? నాకు అర్థమయ్యేలా చెప్పు" అని అడగగల పెద్దమ్మ ఒకరుంటే చాలు. పన్నెండేళ్ల ప్రాయంలో యేసు ప్రభువు దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుని వినడం, ప్రశ్నించడం, జవాబు చెప్పడం లూకా మనకు చూపిస్తున్నాడు. ప్రశ్నలూ జవాబులూ దేవుని మందిరానికి కొత్త కాదు.

చివరికి ఏమైంది?

ఆ అమ్మాయి సోమవారం గైడుగారిని కలిసింది. ఆయన కాసేపు మాట్లాడలేదట. తర్వాత ఆ మూడు వరుసలూ కొట్టేయించి, నాలుగు రోజులే తీశానని, ఎందుకో కూడా రిపోర్టులో రాయమన్నారు. మంగళవారం ఎక్స్‌టర్నల్ మొదటి ప్రశ్నే అది అడిగారు: ఏడు అని మొదలుపెట్టి నాలుగే ఎందుకు? "జ్వరం వచ్చిందండి. నాలుగు రోజుల అంకెలతో గట్టి నిర్ణయం చెప్పలేనండి. ఇంకా ఎక్కువ రోజులు తీయాలి" అంది. మిగతా ప్రశ్నలన్నీ ఆ నాలుగు అంకెల మీదే సాగాయి. అవి తను గట్టు మీద చలిలో నిలబడి తీసినవి కాబట్టి చెప్పగలిగింది.

మార్కులు ఎన్ని వచ్చాయో నేను అడగలేదు. తల్లి మాత్రం మరుసటి ఆదివారం వచ్చి, "పాప ఆ రాత్రి బాగా నిద్రపోయిందండి అయ్యగారూ" అంది.

వైవాకు వెళ్లే బిడ్డల కోసం ఇకమీదట నేను చేసే ప్రార్థన కొంచెం మారింది. ప్రభువా, ఈ బిడ్డకు తెలియనిది నోట పెట్టమని అడగడం లేదు. చదివినది జ్ఞాపకానికి రానివ్వు. తెలియనిది తెలియదని చెప్పే ధైర్యమివ్వు. తను చేసిన పనిని తల ఎత్తుకుని చెప్పే మనస్సాక్షినివ్వు. ఆమేన్.

ఈ సెమిస్టర్‌లో మీ సంఘంలో వైవాకు వెళ్లే బిడ్డలు ఎవరో కనుక్కోండి. వారి కోసం ప్రార్థన చేయండి. తర్వాత వారి పక్కన కూర్చుని, "ఏదీ, నీ రికార్డు ఒకసారి తెరువు" అనండి.